ఆవని కొండ మీద ఒక కేక

పోయిన ఆదివారం మా మేడ మీద అద్దెకుంటున్న అమ్మాయి కుంటుకుంటూ మెట్లెక్కుతుంటే ఏమైందని అడిగాను. వేమగల్ ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల. తోటి పిల్లలతో కలిసి ఆవని కొండ మీద పరుగు పందేనికి పోయి వచ్చిందట. ఒళ్ళంతా నొప్పిమందు వాసన, మెడలో రంగు రిబ్బనుకు ఒక మెడల్. ఎన్నో స్థానం వచ్చిందమ్మా అన్నాను. "స్థానమేం లేదాంటీ, పూర్తి చేసినోళ్ళకంతా ఇస్తారు" అంది నవ్వుతూ. నాకెందుకో ఒళ్ళు మండింది. పాపం, ఆ పిల్ల తప్పేముంది? "మీ కాలంలో ఆడవాళ్ళు ఇట్ల కొండలెక్కి పరిగెత్తేవాళ్ళా?" అని కూడా అడిగింది. అప్పట్లో అలాంటివి ఎక్కడివమ్మా అని చెప్పి తలుపు వేసుకున్నాను.

అబద్ధం. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పాను, అబద్ధమాడిన పిల్లల్ని ఎండలో నిలబెట్టాను. ఆ కొండ విషయంలో నేనాడిన అబద్ధాలు రెండు. ఆ అమ్మాయితో ఆడింది రెండోది. మొదటిది ఇంతకంటే చెడ్డది. అది మా అక్కకు తప్ప ఇంతవరకూ ఎవరికీ తెలియదు, ఈ వయసులో ఇంకా దాచుకొని ఏం సాధించాలి?

మేము కోలారు బంగారు గనుల ఊళ్ళో, చాంపియన్ రీఫ్స్‌లో ఉండేవాళ్ళం. నాయన గని సర్వే ఆఫీసులో గుమాస్తా. గుమాస్తా అంటే కుర్చీలో కూర్చునే ఉద్యోగం అనుకోకండి. వారంలో నాలుగైదు రోజులు కొలిచే గొలుసు, ఎర్ర రంగు డబ్బా పట్టుకొని, మనుషుల్ని దించే ఇనప పెట్టెలో షాఫ్ట్ కిందికి, అంటే గని బావిలోకి, దిగేవాడు. పైకి వచ్చాక ఆయన చొక్కాలో, ఒంట్లో ఒక వాసన ఉండేది. తడి రాయి, తుపాకి మందు, చెమట కలిసిన వాసన. అమ్మ ఎంత సున్నిపిండి పెట్టి రుద్దుకొమ్మన్నా అది వదిలేది కాదు. నాకది మా నాయన వాసన, అంతే. ఇప్పుడు ఆ వాసన లోకంలో ఎక్కడా లేదు. గనులు మూసేశారు, షాఫ్టుల్లో నీళ్ళు నిండాయి, నాయన పోయాడు.

మా ఇంటి వెనక బంగారం తీసేసిన మన్ను పోసి పోసి దిబ్బలు కొండలయ్యాయి. సైనైడ్ దిబ్బలనేవాళ్ళం. గాలి లేస్తే ఆ పొడి సంగటి మీద పడేది, చారులో పడేది, ఆరేసిన బట్టల మీద, మా పళ్ళ మధ్య. అమ్మ గాలికాలమంతా దిబ్బను తిడుతూనే వండేది. పిల్లల్ని అక్కడికి పోవద్దని అందరూ చెప్పేవాళ్ళు, పిల్లలందరం పోయేవాళ్ళం. రేకుముక్క మీద కూర్చొని పైనుంచి కిందికి జారేవాళ్ళం. ఒకసారి నా పావడా వెనకభాగమంతా చిరిగి, అమ్మకు తెలియకుండా వారం రోజులు గోడకు ఆనుకునే నడిచాను.

నేను జారడానికి పోయిన ఆ దిబ్బనే మా అక్క ఎక్కడానికి పోయేది. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. చదువు అబ్బలేదు. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పింది. కానీ పరిగెత్తడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. మైదానంలో చిన్న దూరాలు పరిగెత్తితే మామూలుగానే ఉండేది, వెనకబడేది కూడా. దూరం పెరిగి, దారి ఎత్తెక్కేకొద్దీ మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళే నడకలోకి దిగేవాళ్ళు, అక్క అదే వేగంతో పోతూనే ఉండేది. ముఖంలో పట్టుదల, పళ్ళు కొరకడం అలాంటివేమీ కనిపించవు. వేరే ఏదో వింటున్నదానిలా తల కొంచెం పక్కకు వంచి పరిగెత్తేది.

దీన్ని ముందు కనిపెట్టింది బడిలో డ్రిల్ టీచరమ్మ. జిల్లా కొండ పరుగు ఆ ఏడు ఆవనిలో జరుగుతుందనీ, ఆడపిల్లల్లో మొదటి ఇద్దరికి బెంగుళూరు క్రీడల హాస్టల్లో సీటిస్తారనీ, అక్కడ చేరితే తిండీ బట్టా వాళ్ళదే, ఆ తర్వాత పోలీసుల్లోనో రైల్వేలోనో ఉద్యోగం ఖాయమనీ ఇంటికొచ్చి చెప్పింది. అమ్మ ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. నాయన మాత్రం ఆ సాయంత్రమంతా వాకిట్లో పచార్లు చేశాడు. సర్వే ఆఫీసులో ఉన్నవాడు కదా, కింద బంగారం ఎంత తగ్గిపోతోందో మిగతావాళ్ళకంటే ముందే తెలుసు. అక్కను పిలిచి కూర్చోబెట్టి అన్నాడు: "ఇది మూసేస్తారు మే. ఈ పొద్దు కాకుంటే రేపు. మూసేలోగా నువ్వు బయట పడాల. చిన్నది చదువుకొని పోతాది. నీకు ఇదొకటే దారి ఉండాది."

అక్క సరే నాయనా అంది. ఆమె మాటలు ఎప్పుడూ అంతే.

మర్నాటి నుంచి మా ఇంట్లో పొద్దు ముందే మొదలయ్యేది. నాయన ఆఫీసు మ్యాపులో ఆవని కొండ ఎత్తు చూసుకొని వచ్చి, సెలవు రోజున గొలుసు తెచ్చి దిబ్బను కొలిచాడు. గడ్డకట్టిన చోట దారి చూసి మేకులు కొట్టి, మేకులకు ఎర్ర రంగు పూశాడు. దిబ్బను ఆరుసార్లు ఎక్కితే ఒక ఆవని కొండ. పందెంలో కొండను రెండుసార్లు ఎక్కాలి కాబట్టి పన్నెండు. ఆఫీసులో స్నేహితులు వేళాకోళం చేస్తే, ఆ కొండను తలకిందులు చేసి మన షాఫ్ట్‌లో వేస్తే పది పడతాయి, రోజూ అంత దిగి ఎక్కేవాడి కూతురికి అదొక లెక్కా అనేవాడట. పక్కింటి అరవ అవ్వ మా అమ్మతో, ఆడపిల్ల కాళ్ళు బిరుసెక్కిపోతాయి, ఎవడు చేసుకుంటాడని గొణిగేది. నాయన విని, మీవాడు సారాయి అంగడికి ఉరికే ఉరుకుడు కంటే ఇది మేలు లేమ్మా అన్నాడు. రెండు నెలలు ఆ ఇంటితో మాటల్లేవు.

లెక్క పెట్టే పని నాది. పన్నెండు గులకరాళ్ళు ఒక పక్క పెట్టుకొని, అక్క ఒక్కోసారి దిగి వచ్చినప్పుడల్లా ఒక్కో రాయి అవతల పక్కకు జరపాలి. ఆమె కోసం అమ్మ చేసిచ్చిన వేరుశెనగ బెల్లం ఉండలు కూడా నా ఒడిలోనే ఉండేవి. చలి, నిద్రమత్తు, ఒళ్ళో బెల్లం. ఉండలు తినేశాను, తొందరగా ఇంటికి పోవచ్చని ఒక్కోసారి రెండేసి రాళ్ళు జరిపాను. ఒకరోజు నాయన దిబ్బ వెనక నుంచి వచ్చి చూశాడు. కొట్టలేదు. "నీ నోటికి కాపలా పెట్టుకో మే" అన్నాడు. తిండి గురించే అన్నాడు. నాకు ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

గనుల్లో పుట్టి పెరిగినవాళ్ళకు ఒక అలవాటుంది. అది చెప్పకపోతే తర్వాతి కథ మీకు అర్థం కాదు. భూమి కింద ఎక్కడో బండ బరువు తట్టుకోలేక పగిలితే, పైన మా కాళ్ళ కింద నేల అదిరేది. ఏర్‌బ్లాస్ట్ అనేవాళ్ళు. పెద్దదైతే చుట్టుపక్కల ఊళ్ళకూ తెలిసేది. అలమరలో గ్లాసులు గలగలమనేవి, దేవుడి పటం వంకర పోయేది. ఆ క్షణంలో గనివాళ్ళ ఇళ్ళ లైన్లలో ఉన్న ఆడవాళ్ళందరూ పొయ్యి మీద ఉన్నది పొయ్యి మీదే వదిలేసి షాఫ్ట్ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. చెప్పులు వేసుకోరు, తలుపు మూయరు. బళ్ళో అయితే టీచరు పుస్తకం మూసి పక్కకు జరిగేది, మేము అడక్కుండానే లేచి పోయేవాళ్ళం. మాకు మాటలు వచ్చేటప్పటికే అమ్మ నేర్పింది: "ముందు షాఫ్ట్ కాడికి. ఏడ్చేది తర్వాత."

షాఫ్ట్ గేటు పక్కన టైం ఆఫీసులో ఒక పెద్ద చెక్క పలక ఉండేది. పలక నిండా మేకులు, మేకులకు ఇత్తడి బిళ్ళలు. దిగేవాడు తన బిళ్ళ తీసుకొని దిగుతాడు, పైకొచ్చాక మళ్ళీ తగిలిస్తాడు. ఖాళీ మేకు కనబడిందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. నాయన మేకు ఎక్కడుందో మాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. పిల్లలం జనం కాళ్ళ సందుల్లోంచి దూరి, ముందు ఆ మేకు చూసేవాళ్ళం. నేను రెండుసార్లు దాన్ని ఖాళీగా చూశాను. రెండుసార్లూ ఆయన నవ్వుకుంటూనే పైకి వచ్చాడు, కానీ ఆయన వచ్చేదాకా గడిచిన ఆ పొద్దు నా ఎముకల్లో ఉండిపోయింది.

పందెం ముందురోజు డ్రిల్ టీచరమ్మ అక్కను, నన్ను బస్సులో ఆవనికి తీసుకుపోయింది. నేను పోనని చెబితే ఇంట్లో ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. పోతానని ఏడ్చి మరీ పోయాను. మా అమ్మకు పిన్నమ్మ, మాకు అవ్వ, ఆ ఊళ్ళో ఉండేది. పట్టుపురుగుల ఇల్లు. లోపల తట్టల నిండా మల్బరీ ఆకు, ఆకు మీద పురుగులు, ఇల్లంతా పచ్చి వాసన. అక్క కాళ్ళకు నీలగిరి తైలం రాసుకొని ఉందని అవ్వ మమ్మల్ని గడప దాటనివ్వలేదు. ఘాటు వాసన తగిలితే పురుగు మేత మానేస్తుందట. వసారాలోనే చాప వేసి, పెద్ద సంగటి ముద్దలు, అనపగింజల చారు అక్కడికే తెచ్చి పెట్టింది. అక్క ఒక ముద్ద తిని చేయి కడుక్కుంది. నేను రెండు తిన్నాను.

పొద్దున అక్క బావి దగ్గర ముఖం కడుక్కుంటుండగా అవ్వ నాకు రాగి అంబలి పోసి, పక్కన కూర్చొని చెప్పింది: "పక్క గుట్టలో రాళ్ళు కొడతారమ్మా. పన్నెండింటికి ఎర్ర గుడ్డ ఎత్తి మందు పేలుస్తారు. నేల దడదడమంటాది. మీరిద్దరూ జడుసుకోవద్దండి." నేను సరే అవ్వా అన్నాను. గ్లాసు అడుగున బెల్లం కరగకుండా మిగిలింది, దాన్ని వేలితో తీసుకునే పనిలో ఉన్నాను. అక్క ముఖం తుడుచుకుంటూ వచ్చి అవ్వ ఏమంటోందే అని అడిగింది. ఏం లేదన్నాను. నిజంగానే ఏం లేదనుకున్నాను.

పందెం రథం వీధిలో మొదలు. కొండ మీది గుడిదాకా బండల మీదుగా ఎక్కాలి, వెనకవైపు దిగాలి, చేల గట్ల మీద కొండ చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ ఎక్కి, రథం వీధికే దిగాలి. ఆ ఎక్కుడు దారిలో సగం పైకి పోయాక మలుపులో ఒక చదును బండ ఉంది. అక్కడ ఉప్పు అద్దిన నిమ్మచెక్కలు పట్టుకొని నిలబడమని టీచరమ్మ నాకు చెప్పింది. ఆ బండ మీద ఒకామె గంపలో దోసకాయలు పెట్టుకొని కూర్చొని ఉంది. కింద ఊళ్ళో డప్పులు, పీపీలు వినబడుతున్నాయి.

మొదటిసారి వచ్చినప్పుడు అక్క నాలుగోది. ముందు ముగ్గురు శ్రీనివాసపురం వైపు పిల్లలు, బాగా ఎత్తుగా ఉన్నారు. ఇంక సీటు రాదనుకున్నాను. అక్క మాత్రం తల పక్కకు వంచి, ఎప్పటి వేగంతోనే, నావైపు చూడకుండానే నిమ్మచెక్క తీసుకొని పోయింది. చాలాసేపటికి రెండో ఎక్కుడుకు వచ్చారు. ఈసారి ముందు వస్తున్నది అక్కే. వెనక ఇద్దరు, దూరంగా, నడుం మీద చేతులు పెట్టుకొని నడుస్తున్నారు. ఇంకెవరూ కనబడలేదు. అక్క కాళ్ళ చప్పుడు బండ మీద ఒకే తీరుగా వినబడుతోంది. దిబ్బ మీద పన్నెండో రాయి జరిపేటప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. నాకు ఆనందంతో ఏడుపొచ్చింది. బెంగుళూరు, హాస్టలు, పోలీసు టోపీ, అన్నీ కళ్ళముందే ఆడాయి. అక్క నన్ను దాటి పైకి పోయింది.

అప్పుడు నేల అదిరింది.

బండ కింద నుంచి నా అరికాళ్ళలోకి, మోకాళ్ళలోకి పాకింది. గంపలో దోసకాయలు ఒకదానికొకటి తగిలి కదిలాయి. దోసకాయల ఆమె తలైనా ఎత్తలేదు. అక్క కూడా ఆగలేదు. పదడుగులు, పదిహేనడుగులు, అదే వేగంతో పైకి పోతూనే ఉంది. ఆగింది నేను. పొద్దున అవ్వ చెప్పిన మాట నాకు గుర్తు రాలేదు. నా నోరు పడిపోను, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అరిచాను: "అక్కా, బ్లాస్ట్! నాయన కింద ఉండాడు!"

అక్క నిలబడిపోయింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపు ఎంతసేపు ఉందో చెప్పలేను. తర్వాత కిందికి దూకినట్టు వచ్చింది, నా పక్కనుంచే, ఎదురుగా వస్తున్న ఇద్దరి మధ్య నుంచే దిగిపోయింది. వాళ్ళు నోరు తెరిచి చూశారు. ఎవరో ఈల వేశారు. అక్క ఊరి వైపు తిరగలేదు, దక్షిణంగా చేలల్లోకి దిగి, రాగి కోసిన మళ్ళల్లో చిన్నదైపోయి, మామిడితోపు దాటి కనబడకుండా పోయింది. అటే కదా మా ఊరు.

నేను అక్కడే నిలబడి ఏడుస్తుంటే దోసకాయల ఆమె ఏమైంది పాపా అని అడిగింది. చెప్పాను. "అది గుట్టలో రాళ్ళ మందు కదమ్మా, దినామూ పేలేదే" అని పక్కగుట్ట వైపు చేయి చూపించింది. గుట్ట మీద ఎర్ర గుడ్డ దింపుతున్నారు. అప్పుడు గుర్తొచ్చింది అవ్వ మాట. కొండ దిగి పరిగెత్తాను, అక్కా అక్కా అని చేల మధ్య అరుచుకుంటూ కొంత దూరం పోయాను. నా అరుపు అప్పుడు ఎవరికీ వినబడలేదు.

ఏం చేయాలో తెలియక రథం వీధిలోకి వచ్చాను. అక్కడ పందెం ముగిసే చోట, ఒక మొండిగోడ ఎక్కి నిలబడి, కంటికి చేయి అడ్డం పెట్టుకొని కొండ వైపు చూస్తూ మా నాయన ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొని ఉన్నాడు. షిఫ్ట్ మార్చుకొని వచ్చాడట. సెలవు దొరుకుతుందో లేదో తెలియక, దొరికినా తను వస్తున్నట్టు తెలిస్తే అక్క బెదురుతుందేమోనని మాకు చెప్పలేదు. పైనుంచి మొదట దిగే పిల్ల తన పిల్లేనని పక్కనున్నవాళ్ళకు చెబుతున్నాడు. నన్ను చూసి గోడ దిగాడు.

"అక్క యాడ మే? ఇంగా దిగలేదే?"

"అక్క ఊరికి పోయింది నాయనా."

ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. నేల అదిరిందనీ, నువ్వు కింద ఉన్నావని పోయిందనీ చెప్పాను. ఆయన వంగి నా భుజాలు పట్టుకున్నాడు. "అది రాళ్ళ మందు కదా. బ్లాస్ట్ అని ఎవురు చెప్పినారు దానికి?"

అదిగో, అక్కడ ఆడాను. "ఎవురూ చెప్పలేదు. అదే తిరుక్కొని పోయింది."

నాయన గోడ మీద కూలబడ్డాడు. "నేను కింద లేను కదా" అన్నాడు, నాతో కాదు, ఎవరితోనూ కాదు. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నాడు. పందెంలో మొదటి పిల్ల కొండ దిగి వస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. అక్క వెనక నడుము పట్టుకొని నడిచిన పిల్లే.

ఆ మిగతా కథ టైం ఆఫీసులో బిళ్ళల పలక చూసుకునే తాత తర్వాత ఎన్నోసార్లు చెబితే విన్నాను. అక్క అడ్డదారిన పడి బేతమంగలం దాకా పోయి, అక్కడినుంచి గనులకు నీళ్ళు తెచ్చే పైపు వెంబడి పరిగెత్తింది. కొండను ఒకటిన్నరసార్లు ఎక్కిన కాళ్ళతో, ఆ ఎండలో, పన్నెండు మైళ్ళకు తక్కువ లేదు. ఎక్కడా ఆగలేదట, నీళ్ళు తాగడానికి కూడా. ఆ పరుగు ఎవరూ చూడలేదు, ఎవరూ గడియారం పెట్టలేదు. షాఫ్ట్ గేటు దగ్గర ఒక్క ఆడమనిషి కూడా లేదు. పైన ఇనప పెట్టెను దించి ఎత్తే చక్రం మామూలుగా తిరుగుతోంది. తాత టీ తాగుతున్నాడు. అక్క నేరుగా పలక దగ్గరికి పోయి చూసింది. నాయన బిళ్ళ మేకుకు వేలాడుతోంది. "మీ నాయన ఈ పొద్దు దిగనేలేదు కదమ్మా. నీ పందెం చూసేదానికి పొద్దున్నే బస్సెక్కినాడు" అన్నాడు తాత. అక్క ఆ బిళ్ళను పట్టుకొని, వదిలి, పలక కిందే కూర్చుండిపోయిందట. బూటు విప్పితే మేజోడు మడమకు అంటుకొని ఊడలేదని తాత ప్రతిసారీ చెప్పేవాడు. ఆయనకు అదొక వింత, మాకు కాదు.

సాయంత్రం బస్సులో మేము ఇంటికి వచ్చేటప్పటికి అమ్మ అక్క కాళ్ళకు పసుపు, వేడి నూనె పెడుతోంది. నాయన గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నేను కిందనే ఉండి, బండ మీద పడిందే అనుకో. నువ్వొచ్చి ఏం చేస్తావే? గేటు కాడ నిలబడతావు. అంతే కదా. దానికి పోగొట్టుకొంటివా?"

నేర్పింది నేను, నన్ను అనండి అంది అమ్మ. నాయన వినలేదు. అక్క తల ఎత్తి ఆయన్ను చూసింది, తర్వాత ఆయన వెనక నిలబడిన నన్ను చూసింది. నేను తల దించుకున్నాను. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని ఒళ్ళంతా బిగబట్టుకొని ఉన్నాను. అక్క ఏమీ చెప్పలేదు. నూనె గిన్నె దగ్గరికి లాక్కొని తన కాలు తనే రుద్దుకుంది.

తర్వాత రెండేళ్ళు అక్క దిబ్బ ఎక్కుతూనే ఉంది. పుండ్లు మానకముందే మొదలుపెట్టింది. నాయన గులకరాళ్ళు, మేకులు అన్నీ మానేశాడు, ఆమె వెంట పోలేదు. నేను పోతానంటే అక్క వద్దంది. మరుసటేడు కొండ పరుగు ఎందుకో జరపలేదు. ఆపై ఏడు జరిగింది కానీ అక్క వయసు దాటిపోయిందన్నారు. డ్రిల్ టీచరమ్మకు వేరే ఊరు బదిలీ అయింది. కొన్నేళ్ళకు, నాయన చెప్పినట్టే గనులు మూశారు. చక్రాలు ఆగిపోయాయి, జీతాలు ఆగిపోయాయి, ఊరికి ఊరే తెల్లారకముందు రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి, పొద్దు గుంకాక తిరిగి రావడం మొదలుపెట్టింది. అక్క కూడా. బట్టల ఫ్యాక్టరీలో మిషను ముందు ఇరవై రెండేళ్ళు కూర్చుంది. ఆమె బెంగుళూరు అదీ. నేను మాత్రం చదువుకొని, టీచరునై, కోలారుకు వచ్చేశాను.

నాయన ఊపిరితిత్తుల్లో రాతిపొడి చేరింది. చివరి ఏళ్ళలో మూడు మెట్లు ఎక్కితే మెట్టు మీద కూర్చొని ఆయాసపడేవాడు. ఇంటికెవరొచ్చినా ఒకటే మాట. పెద్దదానికి నిలకడ లేదప్పా, చేతికొచ్చింది తన్నుకొనింది, చిన్నది గట్టిది, అనుకొన్నది చేసింది అనేవాడు. అక్క ఆ మాటలు వింటూనే ఆయన వీపు నిమిరేది, మందు తాగించేది. నేను సెలవులకు పోయి, ఆ పొగడ్త తీసుకొని, మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేదాన్ని. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఆయన మంచి దగ్గులో ఉన్నాడు, తర్వాత చెబుదాం అనుకునేదాన్ని. దగ్గులో లేనప్పుడు, పాపం ఈ పూట బాగున్నాడు కదా, ఎందుకు అనుకునేదాన్ని. ఆయన అలాగే పోయాడు, అక్కను నిలకడ లేనిదనీ నన్ను గట్టిదనీ అనుకుంటూ. ఆయన పోయిన రోజు నాకు దుఃఖంతో పాటు, ఒక మూల, హమ్మయ్య అనిపించింది. ఇది రాయడానికి చేయి రావడం లేదు, కానీ అనిపించింది.

ఆయన పోయిన మూడో ఏడు చలికాలంలో అక్కను చూడడానికి పోయాను. పాత క్వార్టర్సులోనే ఉంటోంది, ఒక్కతే. పెళ్ళి వద్దంది, ఎవరూ గట్టిగా అడగనూ లేదు. ఇద్దరం వాకిట్లో ఎండకు కూర్చొని, నానబెట్టిన అనపగింజల పొట్టు వేళ్ళతో పితికి పప్పు తీస్తున్నాం. తల ఎత్తకుండా అడిగాను, నాయనకు నా సంగతి ఎందుకు చెప్పలేదక్కా అని. అడిగాక భయమేసింది. దేని సంగతి అని ఆమె అడగలేదు.

"చెప్పుంటే నిన్ను చూసే చూపు మారిపోతుండె ఆయనకు. అప్పటికి నీకు పదకొండేండ్లు. నాకు పరుగు పోయింది. నీకు నాయన కూడా పోవాల్నా?"

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవ్వ పొద్దున్నే నాతో చెప్పిందనీ, నేను మరిచిపోయాననీ అది కూడా చెప్పేశాను. అక్క వేళ్ళు ఆగాయి. అది ఆమెకు తెలియదు.

"ఒక మాట చెప్తాను మే. ఆ పొద్దు అదిరినప్పుడే నా కాళ్ళకు తెలిసిపోయింది, అది మన బ్లాస్ట్ కాదని. మనదైతే లోతు నుంచి వస్తాది. అది పైపైన వచ్చింది. నేను పోతానే ఉన్నాను. నువ్వు అరిచినంక, నా కాళ్ళను నేను నమ్మలేకపోతిని."

ఆ మాట అని, ఒక గింజ పితికి, పప్పు గిన్నెలో వేసింది. ఇంకొకటి పితికింది. నీ తప్పేం లేదులే, చిన్నపిల్లవి అంటుందేమోనని నేను చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. ఎండ వాకిట్లోంచి గోడ మీదికి పోయింది. ఇప్పటికీ నెలకోసారి పోతాను, వంట చేసి పెడుతుంది, తింటాను, బస్సు టైమయ్యేదాకా కూర్చుంటాను. నీ తప్పేం లేదనే మాట మాత్రం ఆమె ఇంతవరకూ అనలేదు.